నాలుగో పొగగొట్టం

కుడిచేతి చూపుడువేలికి జిగురు పొరలా అంటుకుపోయింది. గీకితే చర్మం లేచొస్తోంది. పన్నెండు దాటింది, ఇది రాస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

మావాడి అట్టల ఓడ ఇవాళ పొగగొట్టాల దాకా వచ్చింది. హెచ్‌ఎంఎస్ క్రెస్సీ, పాతకాలపు బ్రిటిష్ యుద్ధనౌక. స్కెచ్‌పెన్ గొట్టాలు కోసి మూడు నిలబెట్టాం, నాలుగోది నా చేతిలో వంకరగా అతుక్కుంది. "ఇన్ని గొట్టాలెందుకురా?" అన్నాను విసుగ్గా. మా ఆయన పేపర్ మడిచారు. ఆయన పేపర్ మడిస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా.

ముప్ఫై బాయిలర్లట, అందుకని నాలుగు గొట్టాలు. 12,000 టన్నుల ఓడ 21 నాట్ల వేగంతో, అంటే గంటకి దాదాపు 39 కిలోమీటర్లు, పరిగెత్తాలి మరి. ముందొకటి వెనకొకటి 9.2 అంగుళాల ఫిరంగులు, పక్కల్లో పన్నెండు 6 అంగుళాలవి. వాటిలో కింది వరుసవి నీటికి మరీ దగ్గరగా ఉండి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పేల్చడానికే కుదిరేది కాదట. నీటిమట్టం దగ్గర ఆరంగుళాల ఉక్కు కవచం. 1899లో నీళ్ళలోకి దించారు, అప్పటికింకా విక్టోరియా రాణి బతికే ఉంది. పప్పులో నెయ్యి గడ్డకట్టేదాకా చెప్పారు.

"మరెలా మునిగింది నాన్నా?" అన్నాడు వీడు.

"ఆగి మునిగింది" అన్నారు.

1914లో, మొదటి ప్రపంచయుద్ధంలో, హాలండ్ తీరం దగ్గర అబూకిర్, హోగ్, క్రెస్సీ, మూడూ ఒకే తరగతి ఓడలు, కాపలా తిరుగుతున్నాయి. అప్పటికే పాతబడ్డవి. వెంట కాపుగా ఉండాల్సిన చిన్న యుద్ధనౌకలు, డిస్ట్రాయర్లు, వాతావరణం బాగాలేక వెళ్ళిపోయాయి. తెల్లవారాక అబూకిర్‌కి దెబ్బ తగిలింది. మైన్, అంటే నీళ్ళలో పెట్టిన బాంబు, అనుకుని మిగతా రెంటినీ దగ్గరికి రమ్మన్నారు. హోగ్ వచ్చి ఆగింది, దానికీ తగిలింది. క్రెస్సీ కూడా ఆగింది. యూ-9 అనే ఒక్క జర్మన్ సబ్‌మెరైన్, దాదాపు 500 టన్నుల చిన్నది, గంటన్నరలో మూడింటినీ ముంచేసింది. 1,459 మంది పోయారు.

"తెలివితక్కువ పని" అన్నారు ఈయన, మజ్జిగ పోసుకుంటూ.

నాకు మండింది ఆ మజ్జిగ దగ్గరే. కళ్ళముందు మనుషులు నీళ్ళలో కొట్టుకుంటుంటే ఆగకుండా ఎలా పోతారండీ? ఈయన రోడ్డుమీద స్కూటర్ జారినవాణ్ణి చూస్తే బండాపి నీళ్ళ సీసా ఇచ్చే మనిషే. అదే అంకెలూ అంగుళాలూ చేతికొచ్చాయంటే గొంతు మారిపోతుంది. అలాంటప్పుడు నేనేమన్నా "నీకు అర్థం కాదులే" అనే ఆ చిరునవ్వొకటి. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఆ నవ్వుకి నేనింకా అలవాటు పడలేదు. గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను.

అందరూ పడుకున్నాక ఫోన్లో చదువుతుంటే తేదీ కనబడింది. సెప్టెంబర్ 22. ఎక్కడో విన్నానే అనుకున్నా. ఎమ్డెన్!

అమ్మమ్మ చెప్పేది. వాళ్ళమ్మ పదేళ్ళ పిల్ల, మద్రాసు జార్జిటౌన్‌లో ఉండేవారు. దసరా రోజులు, బొమ్మల కొలువు పెట్టారు. రాత్రి భోజనాలయ్యాక ఢాం ఢాం అంటూ మోత. ముందు టపాకాయలనుకున్నారట. కొలువులో పైమెట్టు మీది చెట్టియారు బొమ్మ దొర్లి కిందపడి ముక్కలైంది. డాబా ఎక్కి చూస్తే రేవు వైపు ఆకాశమంతా ఎర్రగా ఉంది. ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల్ని కాల్చింది. మర్నాడు సెంట్రల్ స్టేషన్లో తొక్కుకుంటూ నెల్లూరు రైలెక్కారు. బొమ్మల్ని ఎవరూ ఎత్తలేదు, కొలువు అలాగే వదిలేశారు. చెప్పేటప్పుడు అమ్మమ్మ యుద్ధం గురించి ఒక్క ముక్కైనా అనేది కాదు, చెట్టియారు బొమ్మ గురించే బాధపడేది. చెట్టియారు, భార్య బొమ్మల జత విడిపోయింది అనేది. అల్లరి చేస్తే నన్ను "ఎమ్డెన్‌దానా" అని తిట్టేది కూడా.

పొద్దున అక్కడ మూడు ఓడలు, రాత్రి ఇక్కడ మద్రాసు. ఒకే రోజు. ఈయన్ని లేపి చెబుదామనుకున్నాను, ఆ నవ్వు గుర్తొచ్చి మానుకున్నా.

ఇంకా చదివాను. చదవకపోయినా బాగుండేది. ఆ ఆరంగుళాల కవచం గుండ్లను ఆపడానికి. సబ్‌మెరైన్ వదిలే టార్పెడో నీళ్ళకింద, కవచం లేనిచోట తగులుతుంది. పైగా లోపల పక్కల పొడుగునా బొగ్గు గదులు. ఒక పక్క నీళ్ళు నిండితే ఓడ ఆ పక్కకే ఒరిగిపోతుంది. అంటే ఆగిన కెప్టెన్ల తప్పు మాత్రమే కాదు, ఓడ ప్లాను గీతలు గీసినప్పుడే ఉంది. ఈయన ఆ అంగుళాలు చెప్పకపోతే నాకిది తట్టేదే కాదు. ఆ తర్వాత, ఇలాంటి చోట పెద్ద ఓడలు ఎవర్నీ కాపాడటానికి ఆగొద్దని ఆర్డరు కూడా వేశారట. ఈయన మాటే నిజం. సరే, నిజమే. మజ్జిగ మాత్రం అప్పుడు పోసుకోవాల్సింది కాదు.

కిట్ వైకమ్-మస్‌గ్రేవ్ అని ఒక పిల్లాడు, పదిహేనేళ్ళు, నౌకాదళం బడిలోంచి నేరుగా ఓడెక్కించారు. అబూకిర్ మునుగుతుంటే దూకాడు, హోగ్ చేరాడు, అదీ మునిగింది, క్రెస్సీ చేరాడు, అదీ మునిగింది. చివరికి ఒక డచ్ ఓడవాళ్ళు తీశారు. బతికాడు. ఆగినవాళ్ళే తీశారు కదా అని మళ్ళీ నా మనసు ఇటు తిరిగింది.

మావాడికి మార్చిలో పదిహేను వస్తాయి. పడుకున్నాడు, ఒక కాలు మంచం బయటికి.

లేచి వెళ్ళి నాలుగో గొట్టం సరిచేద్దామని చూశాను. జిగురు ఆరిపోయింది, కదల్లేదు.