ఎస్సిటాలోప్రామ్ వాడిన పదిహేను నెలలు: మొదటి మాత్ర నుంచి ఆఖరి ముక్క దాకా

డిప్రెషన్‌కి డాక్టరమ్మ నాకు రాసిచ్చిన మందు ఎస్సిటాలోప్రామ్. మొదటి రెండు వారాలు 5 మి.గ్రా., ఆ తర్వాత 10. మొత్తం పదిహేను నెలలు వాడాను. అందులో చివరి నాలుగు నెలలు మెల్లగా తగ్గించుకోవడానికే పట్టింది. ఖమ్మంలో ఒక మందుల షాపులో పదకొండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాత్ర నా చేతికి కొత్త కాదు. ఈ మందు వాడేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటి రెండు వారాల్లో భయపడి మానేస్తారు. మధ్యలో డాక్టరుకు చెప్పకుండా వేరే మాత్రలు కలుపుతారు. బాగైందనిపించగానే ఒక్కసారిగా ఆపేస్తారు. ఆ మూడింటి గురించే ఇదంతా.

నాకు జబ్బు మొదలైంది నిద్ర దగ్గర. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, మళ్లీ కన్ను మూతపడేది కాదు. పొద్దున్నంతా గుండె మీద బండ పెట్టినట్టుండి, సాయంత్రానికి కాస్త తేలికయ్యేది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. డాక్టరమ్మ మందు రాయకముందు రక్త పరీక్షలు రాసింది: థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, సోడియం. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇదే నీరసం, ఇదే దిగులు వస్తుంది. అప్పుడు అసలు వైద్యమే వేరు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈసీజీ కూడా తీయిస్తారు, ఎందుకంటే ఈ మందు గుండె లయ మీద కొద్దిగా పనిచేస్తుంది.

ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒకటి అందరూ తెలుసుకోవాల్సింది. "ఎప్పుడైనా వారం రోజులపాటు రెండు మూడు గంటలే పడుకుని కూడా అలుపు లేకుండా, మాటలు ఆగకుండా, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టిన రోజులున్నాయా అమ్మా? ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా?" కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఇలాంటి ఉన్మాదపు హుషారు వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ మందు ఒక్కటే ఇస్తే మనసు దిగులు నుంచి ఎగిరి ఉన్మాదంలోకి పోవచ్చు. అడగకపోయినా మనమే చెప్పాలి. మందు మొదలయ్యాక అలాంటి హుషారు కనిపిస్తే, బాగైందని మురిసిపోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. కొందరికి దీంతో మత్తు వస్తుంది, వాళ్లు రాత్రికి మార్చుకుంటారు. ఏ పూటైనా ఫరవాలేదు, రోజూ అదే వేళ కావాలి.

రెండో రోజు నుంచి వికారం, ఆవులింతలు, అరచేతుల్లో చెమట. నాలుగో రోజుకి లోపల వణుకు. కుర్చీలో కూర్చోలేను, నిలబడలేను. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ మందు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని మొదటి రోజు నుంచే తాకుతుంది, కానీ మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది ముందు వస్తుంది, మేలు వెనక వస్తుంది. సరిగ్గా ఈ మధ్యలోనే జనం మాత్ర ఆపేస్తారు. "ఆ గోలీ పడలేదక్కా, ఇంకా ఎక్కువైంది" అంటూ ఆరోరోజు స్ట్రిప్పు వెనక్కి తెచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. వికారం, తలనొప్పి, విరేచనాలు చాలావరకు వారం పది రోజుల్లో సద్దుమణుగుతాయి. నాకు తొమ్మిదో రోజుకి తగ్గాయి.

ఆ వణుకు, ఆ నిలవలేనితనం మాత్రం ఓర్చుకునే సంగతి కాదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ముఖ్యంగా 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో డబ్బా మీద హెచ్చరిక పెట్టించి, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పెంచింది. మందు ఇవ్వొద్దని దాని అర్థం కాదు. ఇంట్లో ఒకరు ఆ వారాల్లో దగ్గర ఉండి గమనించాలని, మాత్రలు తమ దగ్గరే పెట్టుకుని రోజుకొకటి చేతికివ్వాలని. మా ఇంట్లో ఆ పని మా అత్తమ్మ చేసింది. ఆలోచనలు తోస్తే దాచుకోవద్దు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 108.

నా వణుకు సంగతి చెప్పగానే డాక్టరమ్మ 10కి పెంచడం ఇంకో వారం వాయిదా వేసి, రాత్రిపూటకి ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే క్లోనాజెపామ్ 0.25 మి.గ్రా. విడిగా పది రోజులకు రాసింది. "విడిగా" అన్నమాట దగ్గర ఆగాలి. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్ 10, క్లోనాజెపామ్ 0.5 కలిపిన మాత్రలు బాగా నడుస్తాయి. పేరు చివర 'ప్లస్' అనో ఇంకేదో తోక ఉంటుంది. మొదటి రోజే నిద్ర పడుతుంది కాబట్టి జనానికి అదే మంచి గోలీ అనిపిస్తుంది. రెండేళ్లుగా అదే వేసుకుంటున్నవాళ్లు మా కౌంటర్‌కి వస్తారు. చిక్కేమిటంటే క్లోనాజెపామ్ కొన్ని వారాలకే అలవాటు పడిపోతుంది. పెద్దవాళ్లలో తూలు, మతిమరుపు, రాత్రి బాత్రూముకు లేచి పడిపోవడం దీని వల్ల పెరుగుతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకటి ఉంచి ఇంకోటి తగ్గించే వీలే లేదు. మీ స్ట్రిప్పు తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. రెండు పేర్లుంటే, ఆపేయకుండా, వచ్చేసారి వెళ్లినప్పుడు "ఇవి విడగొట్టి రాయగలరా?" అని అడగండి.

నా చీటీలో ఉన్న కంపెనీ సరుకు లేనప్పుడు ఒక షాపులో దానికి బదులు అలాంటి కలిపిన మాత్రే ఇచ్చారు, అదే మందని చెప్పి. డబ్బా చదివే అలవాటుంది కాబట్టి నేను పట్టుకున్నాను. కంపెనీ మారినా ఇబ్బంది లేదు, జన ఔషధి కేంద్రంలో తీసుకున్నా అదే మందు, ధర తక్కువ. మందు పేరు, మిల్లీగ్రాములు, ఈ రెండూ మారకూడదు.

ఇక మధ్యలో కలిపే మాత్రలు. ఇక్కడే నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు, ఎందుకంటే ఇవి చాలావరకు చీటీ లేకుండా అడిగి కొనుక్కునేవే. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: ఎస్సిటాలోప్రామ్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంచెం తగ్గిస్తుంది, వీటితో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మలం నల్లగా తారులా వస్తే గుర్తు అదే. గుండెకు ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడేవాళ్లూ డాక్టరుకు చెప్పి తీరాలి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. మోకాళ్ల నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, పొడి దగ్గు సిరప్‌లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ఆస్పత్రిలో ఇచ్చే లినెజోలిడ్ యాంటీబయాటిక్, ఇవి కూడా సెరటోనిన్‌నే పెంచుతాయి. రెండూ కలిస్తే కొన్ని గంటల్లోనే ఒళ్లంతా చెమట, వణుకు, కాళ్లు ఎగిరెగిరి పడటం, జ్వరం, విరేచనాలు, తికమక రావొచ్చు. అది ఆస్పత్రికి పరిగెత్తాల్సిన సమయం.

గ్యాస్ మాత్ర గురించి ఎవరూ అనుకోరు. ఓమెప్రజోల్ రోజూ వేసుకుంటే లివరు ఎస్సిటాలోప్రామ్‌ని కరిగించే వేగం తగ్గి, రక్తంలో దాని మోతాదు దాదాపు సగం మేర పెరుగుతుంది. 10 వేసుకుంటూ 15 వేసుకున్నట్టన్నమాట. పాంటోప్రజోల్‌తో ఆ బెడద తక్కువ. కానీ దాంట్లో డోంపెరిడోన్ కలిపిన 'డి' మాత్ర అయితే గుండె లయ సంగతి మళ్లీ వస్తుంది. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, జలుబు చేయగానే కొనే అజిత్రోమైసిన్ కూడా ఆ కోవలోవే. వేసుకునే ముందు ఒక్క ఫోన్ చేసి అడగాలి.

అరవై దాటిన వాళ్ల విషయంలో ఇంకో మాట. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథియాజైడ్ ఉంటుంది. అదీ సోడియం తగ్గిస్తుంది, ఎస్సిటాలోప్రామూ తగ్గిస్తుంది. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. మందు మొదలుపెట్టిన మొదటి నెలలో పెద్దాయన తికమకగా మాట్లాడినా, తూలినా, వయసు మీదపడిందని వదిలేయకుండా ఆ ఒక్క పరీక్ష చేయించండి. పెద్దవాళ్లకు ఈ మందు రోజుకు 10 దాటించరు, మిగతావాళ్లకు గరిష్ఠం 20.

మద్యం వద్దు, చేదోడుగా ఆయుర్వేదమో మూలికలో వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. సెక్స్ మీద కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం ఆడవాళ్లకూ మగవాళ్లకూ వస్తుంది. సిగ్గుపడి ఆ కారణానికే మందు మానేసేవాళ్లున్నారు. చెబితే మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. గర్భం వస్తే భయపడి ఆపేయకుండా అదే రోజు డాక్టరును కలవాలి.

మూడో వారం చివర ఒక పొద్దున మెలకువ వచ్చి చూస్తే ఐదున్నర. అంతే, మార్పు అలాగే వచ్చింది. ముందు నిద్ర, తర్వాత ఆకలి, చివరికి మనసు. ప్రతి రెండు వారాలకు తొమ్మిది ప్రశ్నల పట్టిక నింపించేవారు, పీహెచ్‌క్యూ-9 అంటారు, మొత్తం 27 మార్కులు. నాకు మొదట 19, ఎనిమిదో వారానికి 8, నాలుగో నెలకు 3. ఐదు కంటే తక్కువకు వచ్చి నిలబడితే కోలుకున్నట్టు లెక్క. లెక్క అక్కడినుంచి మొదలుపెట్టి ఇంకో ఆరు నెలలైనా అదే మోతాదు కొనసాగించాలి. జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకు రెండేళ్లు, అంతకంటే ఎక్కువా ఉంటుంది. బాగున్నప్పుడు మాత్ర వేసుకోవడమే కష్టం. వారం డబ్బీ కొనుక్కుని ఆదివారం రాత్రి ఏడు గదులూ నింపి టిఫిన్ గిన్నెల పక్కన పెట్టేదాన్ని. బుధవారం గది ఖాళీ అయిందో లేదో కళ్లకే తెలుస్తుంది, గుర్తుంచుకోవాల్సిన పని లేదు. శనివారం ఉపవాసమైనా నీళ్లతో మాత్ర వేసుకున్నాను. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండు కలిపి వేసుకోకూడదు. ఊళ్లకు వెళ్లేటప్పుడు వారం ఎక్కువకే సరిపడా, చేతి సంచిలో. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మాత్రం ముందే కనుక్కోవాలి: దుబాయ్‌లో క్లోనాజెపామ్ నియంత్రిత మందు, చీటీతో పాటు ముందస్తు అనుమతి కావాలి.

ఆపడం గురించి. ఈ మందు సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 30 గంటలు పడుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటూ తగ్గించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే రెండో రోజుకల్లా మందు మూడోవంతుకి పడిపోయి, మాత్ర వేయగానే పైకి లేచి, మెదడు ఊయలలో ఉన్నట్టవుతుంది. రోజూ వేసుకుంటూనే మోతాదు తగ్గించాలి. ఇంకో సంగతి, 10 నుంచి 5కి దిగడం సులువు, 5 నుంచి సున్నాకి దిగడం కష్టం. చిన్న మోతాదే మెదడులో దాని పనిలో ఎక్కువ భాగం చేసేస్తుంది కాబట్టి, కింది మెట్లు కంటికి చిన్నవిగా ఉన్నా మెదడుకు ఎత్తైనవి.

డాక్టరమ్మ వేసిన లెక్క: 7.5 నాలుగు వారాలు, 5 నాలుగు వారాలు, 2.5 నాలుగు వారాలు, ఆ తర్వాత చూద్దామని. 7.5 అంటే 5 మాత్ర ఒకటి, ఇంకో 5 మాత్రలో సగం. చిన్న మాత్రను కత్తితో కోస్తే పొడి అయిపోతుంది, అందుకని మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బీ కొనుక్కున్నాను. మధ్యలో గీత ఉన్న మాత్రే ఎంచుకుని, గీతను బ్లేడు కింద సరిగ్గా పెట్టి, మూత ఒక్క విసురుతో నొక్కాలి. మెల్లగా నొక్కితే అంచు విరుగుతుంది. మిగిలిన సగం మర్నాటికి. స్ట్రిప్పు మొత్తం ముందే కోసి పెడితే తేమ పట్టి పాడవుతుంది. అన్ని మందులనూ ఇలా కోయకూడదు, మెల్లగా విడుదలయ్యే రకాలు అసలే కోయకూడదు.

2.5కి దిగిన ఐదో రోజు షాపులో పై అరలో సిరప్ సీసా అందుకుందామని తల తిప్పాను. కళ్లు ముందు పోయి, తల వెనక వచ్చినట్టయింది. నుదుటి వెనక చిటుక్కున చిన్న కరెంటు షాక్. కళ్లు పక్కకు తిప్పినప్పుడల్లా అదే. రాత్రి కలలు పట్టపగలంత స్పష్టంగా, ఊరికే చిరాకు. జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడటం సహజం. తేడా తెలుసుకునే పద్ధతి ఉంది. తగ్గించిన కొద్ది రోజుల్లోనే, షాకులు, కళ్లు తిరగడం లాంటి మొదటి జబ్బులో లేని లక్షణాలతో వస్తే అది మందు మానేటప్పటి ఇబ్బంది. వారాలు గడిచాక, అదే పాత దిగులు, అదే మూడు గంటల మెలకువ మెల్లగా పేరుకుంటే జబ్బు తిరగబెడుతున్నట్టు. నాది మొదటిది. 2.5 మీదే నాలుగుకు బదులు ఆరు వారాలున్నాను, షాకులు రెండో వారం చివరికి పోయాయి. ఆ తర్వాత పావు ముక్క రెండు వారాలు, అంతటితో ఆపాం. ఈ లెక్క నా ఒంటికి వేసింది. ఇంకొకరికి రెండు నెలలే చాలొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. డాక్టరుతో కూర్చుని వేసుకోవాల్సిందే.

ఆపాక మొదటి ఆరు నెలలే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అందుకని నెలకోసారి ఆ తొమ్మిది ప్రశ్నల పట్టిక నింపి బీరువా తలుపు లోపలివైపు అతికిస్తున్నాను. మా ఆయనకు ముందే చెప్పి ఉంచాను: వరసగా నాలుగు రోజులు నేను మూడింటికే లేచి కూర్చోవడం చూస్తే, నన్నేమీ అడగకుండానే డాక్టరమ్మ దగ్గర టోకెన్ తీసుకోమని.