డాఫ్నియా గుండెకి బీపీ మాత్ర: ఇప్పటిదాకా సంగతి

గప్పీ చేపల మేత కోసం మొదలెట్టిన డాఫ్నియా (నీటి ఈగ అనే బుల్లి నీటి జీవి) టబ్బు ఇప్పుడు బాల్కనీలో సగం ఆక్రమించింది. నీళ్లలో కలిసే మందులు ఈ చిన్న జీవుల్ని ఏం చేస్తాయో ఇంట్లో ఎంతవరకు చూడగలమా అని దాని వెనకాలే పడ్డాను.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచాకే వాడుతున్నాను. మేత ఈస్టే, నీళ్లు కాస్త మసకబారేంత. ఎక్కువైతే మన విశాఖ ఉక్కకి తెల్లారేసరికి కంపు కొడుతుంది.

మందు ప్రొప్రానొలాల్, గుండె వేగం తగ్గించే బీపీ మాత్ర. నాన్నకి డాక్టరు మందు మార్చాక మిగిలిపోయిన 40 మి.గ్రా. మాత్రలు. "పురుగులకి కూడా బీపీ ఏట్రా?" అంది నాన్నమ్మ. ఒక మాత్ర లీటరు నీళ్లలో నూరి కలిపి, వడగట్టి, అందులో 25 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే లీటరుకి సుమారు 1 మి.గ్రా. మాత్రలో పిండి పదార్థాలూ ఉంటాయి కాబట్టి దీన్ని కచ్చితమైన లెక్క అనుకోవద్దు. పక్కనే మందు లేని గ్లాసు తప్పనిసరి.

డాఫ్నియా ఒళ్లు గాజులా ఉంటుంది. స్లైడ్ మీద రెండు దూది పోగుల మధ్య ఇరికిస్తే తల వెనక, వీపు వైపు గుండె టపటపా కొట్టుకోవడం కనిపిస్తుంది. దాని కిందే గుడ్ల సంచి. మామూలు కంటితో లెక్కపెట్టలేం, నిమిషానికి రెండు వందలు దాటుతుంది. ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి తర్వాత లెక్కేస్తున్నాను. మైక్రోస్కోప్ లైటు వేడికే గుండె వేగం పెరుగుతుంది, అందుకే వీడియో చిన్నగా తీసి వెంటనే గ్లాసులో వదిలేయాలి. మందు గ్లాసులోవాటి గుండె నెమ్మదించింది, తేడా తెలిసిపోతోంది. చచ్చిపోవడం మాత్రం లేదు. నాకు ఆసక్తి కలిగించింది అదే.

ల్యాబుల్లో 48 గంటల పరీక్షకి ఒక రోజు నిండని పిల్లల్ని తీసుకుంటారు. గ్లాసు కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే కదలిక లేనట్టు లెక్క. నదుల్లో మందులు సాధారణంగా లీటరుకి మైక్రోగ్రాముల్లోనో అంతకంటే తక్కువో ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలో చాలా మందులు హాని లేనివిగా బయటపడతాయి. 21 రోజులు పిల్లల్ని లెక్కపెట్టే పరీక్ష వేరే కథ చెబుతుంది. పటాన్‌చెరు లాంటి మందుల ఫ్యాక్టరీల చోట్ల అంకెలే మారిపోతాయనుకోండి. అక్కడ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకి 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రచురించారు.

మందుల ఫ్యాక్టరీలున్న పరవాడ వైపు గెడ్డ (వాగు) నీళ్లు తెచ్చి పోయొచ్చుగా అని ఫ్రెండ్స్ అంటున్నారు. పోయొచ్చు, డాఫ్నియా చావొచ్చు కూడా. కానీ ఉప్పు వల్లా, మురుగు వల్లా, మందు వల్లా? నా గ్లాసు చెప్పలేదు. దానికి నీళ్లలో ఏ రసాయనం ఎంతుందో చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్ కావాలి.

వాడిన మందు నీళ్లు సింకులో పోయట్లేదు. రంపపు పొట్టులో ఇంకించి, కవర్లో కట్టి చెత్తబండికి ఇస్తున్నాను. ఈసారి లీటరుకి 10 మైక్రోగ్రాములకి తగ్గించి, ఒక్కో గ్లాసులో ఒక్కో తల్లిని పెట్టి 21 రోజులు పిల్లల లెక్క రాస్తాను.