గరుసు నేలలో లావు వెదురు

కళ్యాణదుర్గం వైపు గాలి ఎలా ఉంటుందో అనంతపురం జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. గాలిమరల కంపెనీలు ఊరికే వచ్చి స్తంభాలు నాటలేదు. జూన్‌లో పడమటి గాలి లేచిందంటే ఆగస్టు దాకా చీనీ (బత్తాయి) చెట్లకు ఊపిరాడదు. పిందె రాలుతుంది, కాయలు కొమ్మకు రాసుకుని మచ్చలు పడతాయి, పెట్టిన తడి రెండు రోజులు కూడా నిలవదు. తోటకు పడమటి గట్టు వెంట వెదురు పెడతానంటే మా తమ్ముడు నవ్వాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట వెదురేమిటన్నాడు. వెదురు అంటే మన్యం పంట అని చాలామంది లెక్క. పక్క జిల్లా నల్లమలలో ఏళ్ల తరబడి మేదరివాళ్లు కొట్టి తెచ్చుకుంటున్నది వెదురు కాదా?

నన్ను ఈ పనిలోకి దింపింది మాత్రం నల్లమల కాదు, అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్న మా అక్క కొడుకు. వాడి పెరట్లో చేతి మందం బొంగులు మంచులో పచ్చగా నిలబడి ఉన్న ఫోటో పంపాడు. ఫిల్లోస్టాకిస్ వైవాక్స్ అనే చైనా రకమట. మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా నేల కింది దుంప చావదట. "అంత చలికి ఎలా బతుకుతుందిరా?" అని అడిగాను.

"ఇక్కడ చలికి చచ్చేదానికన్నా ఎండి చచ్చేదే ఎక్కువ మామా" అన్నాడు.

వివరం అడిగితే చెప్పాడు. నేల గడ్డకడితే వేరు నీళ్లు తీసుకోలేదు. ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది, ఎండా గాలీ దానిలోని తేమను లాగుతూనే ఉంటాయి. అందుకే వాళ్లు చలికాలానికి ముందే మొదళ్ల చుట్టూ జానెడు మందాన చెక్కపొట్టు పరుస్తారు, లేత పొదకు గాలి తగలకుండా తెర కడతారు. వింటుంటే మా మే నెలే గుర్తొచ్చింది. మాకు మంచు లేదు, నేల గడ్డకట్టదు, కానీ వేరు ఇచ్చే నీళ్లకన్నా ఆకు పోగొట్టుకునేది ఎక్కువ కావడం ఇక్కడా అదే. వాడి పెరట్లో జనవరిలో జరిగేది మా గట్టు మీద ఏప్రిల్, మే నెలల్లో జరుగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకునే మిగతాదంతా చేశాను.

వాడు తన పెరటి రకానికి దగ్గరిదైన మోసో వెదురు వేయమన్నాడు. ఒప్పుకోలేదు. ఆ జాతులకు చల్లటి శీతాకాలం కావాలి, వసంతంలో నేల వెచ్చబడినప్పుడు వాటికి పిలకలు లేస్తాయి. మన దేశంలో అపతానీ గిరిజనులు ఆ కుటుంబపు వెదురును పెంచుతున్నది అరుణాచల్‌లోని జీరో లోయలో. అనంతపురంలో వాటికి ఏం పని? ఇంటర్నెట్‌లో మోసో విత్తనాల పొట్లాలు అమ్ముతుంటారు. వెదురు విత్తనానికి మొలిచే శక్తి కొన్ని నెలలే ఉంటుందని తెలిసినవాళ్లు వాటి జోలికి పోరు. పైగా ఆ జాతులు నేల కింద పాకుతాయి. మావాడు పొద చుట్టూ రెండడుగులకు పైగా లోతున ప్లాస్టిక్ గోడ దింపాడు, అయినా పక్కింటివాళ్ల గడ్డిలో పిలక కనిపించిందేమోనని ఏటా వెతుక్కుంటాడు. మన వెదురు పొదగట్టి ఉన్నచోటే ఉంటుంది. నాకు అదే కావాలి.

రెండు రకాలు తెచ్చాను. గాలికి ఎదురుగా లాఠీలకు వాడే గట్టి రకం, డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్. మెట్ట నేలలో దాని బొంగు దాదాపు బోలు లేకుండా పెరుగుతుంది. నీటి తొట్టి పక్కన కాస్త తేమ ఉండేచోట లావు రకం, బాంబూసా బాల్కోవా. దీనికి పూత వచ్చినా గింజ పట్టదు, అందుకని ప్రయోగశాలలో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలే కొన్నాను. అప్పట్లో జాతీయ వెదురు మిషన్ కింద మొక్కకు 120 రూపాయల రాయితీ ఉండేది, మూడేళ్లలో 50, 30, 20 శాతం చొప్పున. పాసుపుస్తకం, ఆధార్, గట్టు మీద నిలబడి ఫోటో, సంతకాలు. ఆ తిరుగుడు గురించి ఇంతకన్నా రాయడం దండగ.

మాది గరుసు నేల. రెండడుగుల గొయ్యి తీయడానికి గడ్డపారలే వంగాయి. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు నింపి, మంచి వాన పడ్డాక నాటాం. డ్రిప్పు పైపు ఎలాగూ చీనీకి ఉంది, ఒక వరస అదనంగా లాగాం. చెక్కపొట్టుకు బదులు వేరుశనగ పొట్టు పరిచాను. మా జిల్లాలో దానికి కరువు లేదు. చెదలు పడతాయని అందరూ భయపెట్టారు, పట్టాయి కూడా. మొక్క కాండానికి తగలకుండా బెత్తెడు ఖాళీ వదిలి పరిస్తే అవి పొట్టునే తిని ఊరుకున్నాయి. పడమటి వైపు మొదటి వేసవి అంతా కందికట్టెతో తడిక కట్టి ఉంచాను.

దాహం వేస్తే వెదురు దాచుకోదు. మధ్యాహ్నం ఆకు నిలువునా చుట్టుకుని సన్నటి గొట్టంలా అయిపోతుంది. సాయంత్రానికి విచ్చుకుంటే భయం లేదు. పొద్దున కూడా చుట్టుకునే ఉంటే ఆ రోజు చీనీ తడి ఆపి అయినా వెదురుకు నీళ్లు వదిలేవాణ్ణి.

మొదటి ఏడు వచ్చిన బొంగులు పెన్సిలంత ఉన్నాయి. చూడవచ్చినవాళ్లు ఇవి ఎప్పుడు లావెక్కుతాయని అడిగేవారు. అవి లావెక్కవు. వెదురు ఎంత లావున నేలలోంచి లేచిందో ఆ మందమే దానికి చివరిదాకా. రెండు మూడు నెలల్లో ఎత్తు పూర్తి చేసుకుంటుంది, ఆ తరవాత ముదరడమే తప్ప ఊరడం ఉండదు. మందమంతా నేల కింద దుంపలో దాచుకున్న బలాన్ని బట్టి వస్తుంది. ఈ ఏటి సన్నబొంగుల ఆకు వండిన తిండి మీదే వచ్చే ఏటి పిలక లావు ఆధారపడుతుంది. అందుకే సన్నవాటిని ఏరిపారేయమన్న సలహా నేను వినలేదు. పెన్సిల్వేనియాలోనూ ఇంతే. ఒక చలికాలం బొంగులన్నీ మాడిపోతే మరుసటి ఏడు పిలకలు సన్నగా వస్తాయని, పొద మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుందని మావాడు చెప్పాడు.

మూడో వానాకాలంలో తొట్టి పక్కన మొదటి లావు పిలక లేచింది. ముదురు గోధుమరంగు తొడుగు, దాని నిండా నల్లటి నూగు. ముట్టుకుంటే ఆ నూగు వేళ్లలో దిగి గంటసేపు దురద. తెల్లవారుజామున కొనకు నీటి బొట్టు వేలాడుతుండేది. పక్కన కర్ర పాతి రోజూ గీత పెట్టాను. వాన పడిన మర్నాడు గీతల మధ్య జానెడు పైనే వచ్చింది. అడవి పందులకూ ఆ లేత పిలకలే ఇష్టం. చుట్టూ ముళ్లకంప వేయకపోతే అది మాకు దక్కేది కాదు.

ఏటా కొత్త బొంగులకు ఒక రంగు పెయింటు చుక్క పెడతాను. నీలం చుక్కవి ఏ ఏటివో, ఎర్ర చుక్కవి ఏ ఏటివో గోడ మీద రాసి ఉంది. ఎండలు ముదరకముందే పొద మొదలుకు మన్ను ఎగదోస్తాను, ఎందుకంటే కొత్త దుంపలు ఏటికేడు పైకి తేలుతుంటాయి. మూడేళ్లు దాటినవే కోత. చలికాలంలో, నేలకు దగ్గరి కణుపు పైన, గొట్టంలో వాన నీళ్లు నిలవకుండా.

పోయిన సంక్రాంతికి ముందు ఒక మేదరి పెద్దాయన వచ్చి పొద చుట్టూ తిరిగాడు. ముదిరిన బొంగులు నిచ్చెనలకు బాగుంటాయన్నాడు గానీ, బుట్టలకూ చేటలకూ ఏడాది వయసు పచ్చివి కావాలన్నాడు. "అవి తీస్తే పొద నీరసిస్తుంది పెద్దాయనా" అన్నాను. "అన్నీ తీయను నాయనా, పొదకు ఒకటి" అన్నాడు. గట్టి రకంలో పొదకు ఒకటి ఇచ్చాను, అదీ లోపలి వైపునుంచి కాదు, దారి పక్కకు ఒరిగినవి చూసి. తొట్టి పక్కన లావు రకంలో మాత్రం ఇంకో రెండేళ్ల దాకా పచ్చివి అడగవద్దని చెప్పాను.