నోటి మాటే పాత మాట

దక్షిణ చైనాలో, హాంకాంగ్‌లో మాట్లాడే కాంటొనీస్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, పుస్తకంలోని మాటలే ప్రాచీనమైనవనీ, జనం నోట వినిపించేవి వాటి అరిగిపోయిన రూపాలనీ అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం మార్చుకోవడానికి ‘తినడం’ అనే ఒక్క క్రియ సరిపోయింది. హాంకాంగ్ పిల్లలు ఇంట్లో దీనిని ‘సిక్’ అంటారు. బడిలో వ్యాసం రాసేటప్పుడు మాత్రం ఆ చోట ‘హెక్’ అని చదివే వేరే అక్షరం రాస్తారు. కానీ ప్రాచీన చైనా గ్రంథాలలో తినడానికి ఉన్నది ‘సిక్’ అక్షరమే. చైనాలో 1919లో విద్యార్థుల నిరసనతో మొదలైన ‘మే నాలుగు’ ఉద్యమ కాలంలో గ్రాంథిక చైనీస్‌ను పక్కనపెట్టి, ఉత్తరాది వాడుక ఆధారంగా కొత్త రచనాభాషను తీర్చిదిద్దుకున్నారు. ఆ విధంగా ఉత్తరాది ప్రజల వాడుక మాట దక్షిణాది పిల్లలకు పుస్తకభాష అయింది.

తాగడానికి వాడే ‘యామ్’ కథ కూడా ఇదే. నాకు అన్నిటికంటె ఇష్టమైనది మాత్రం ‘గేయ్‌సీ’, అంటే ‘ఎప్పుడు’. సోంగ్ వంశ కాలపు కవి సు షి 1076లో, శరత్కాల పున్నమి పండుగ రాత్రి రాసిన ప్రసిద్ధ గీతం తొలి పాదంలోనే చంద్రుణ్ణి గురించి ఈ మాటతో ప్రశ్నిస్తాడు. ఇప్పటి రచనాభాషలో దీనికి బదులు నాలుగు అక్షరాల మాట రాయడం మామూలు. హాంకాంగ్‌లో బస్సు కోసం ఎదురుచూసే మనిషి మాత్రం నేటికీ ‘గేయ్‌సీ’ అనే అడుగుతాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అలాగని ప్రతిచోటా నోటి మాటే పాతదని చెప్పలేము. ‘కాదు’, ‘లేదు’ అనే అర్థంలో మాట్లాడేటప్పుడు పెదవులు మూసి పలికే ‘మ్’ వినిపిస్తుంది. రాతలో ఉండే ‘బత్’ నిజంగానే ప్రాచీనం. అయితే ఆ ‘బత్’ కూడా వాడుకకు పూర్తిగా దూరం కాలేదు. ‘దానికి సాటి రాదు’ అని అర్థమిచ్చే గ్రాంథిక పదబంధం ‘బత్‌యూ’ ఇప్పుడు ‘పోనీ, ఇలా చేద్దామా’ అని సూచించడానికి నిత్యం వాడే మాట. ‘బత్‌యూ హోయ్ సిక్ ఫాన్’ అంటే ‘పోనీ, భోజనానికి వెళ్దామా’ అని. ఆకలివేళ ఆలోచించకుండా అనే ఆ చిన్న వాక్యంలో ‘బత్‌యూ’, ‘సిక్’ రెండూ ప్రాచీన గ్రంథాల నాటి మాటలే.