సరిహద్దు గీత సన్నబడితే మ్యాప్ తప్పే

మా సర్వే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌ని ఓపెన్‌జీఎల్ మీద నుంచి వల్కాన్ మీదకి మార్చే పని ఓ కొలిక్కి వచ్చింది. ఈ రెండూ గ్రాఫిక్స్ కార్డు చేత బొమ్మలు గీయించే పద్ధతులు, మొదటిది పాతది, రెండోది కొత్తది. ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటూ పోయిన సీ ప్లస్ ప్లస్ కోడ్ అది, ఏ ఫైలు తెరిచినా మధ్యలో ఎక్కడో ఒక జీఎల్ కాల్ (ఓపెన్‌జీఎల్‌కి ఇచ్చే ఆదేశం) ఉంటుంది. నేను ఒడిశాలోని రాయగడలో ఇంటి నుంచే పని చేస్తాను. ఇక్కడ భూమి కొలిచే అమీన్లు, జిరాక్సు షాపుల్లో నక్షా (భూమి మ్యాప్) ప్రింట్లు తీసేవాళ్లు చాలామంది ఈ ప్రోగ్రామే వాడతారు. అందుకే ఈ పనిలో నాకు తెలిసొచ్చినవి రాసి పెడుతున్నాను.

బాగానే నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం అంటారు కదా, దానికి జవాబు చిన్నదే. ఓపెన్‌జీఎల్ 1992 నాటిది, 2017లో వచ్చిన 4.6 తర్వాత కొత్త వెర్షన్ లేదు. ఆపిల్ 2018లోనే ఇక దీన్ని వాడొద్దని డెవలపర్లకి చెప్పేసింది. తప్పదని తెలిసినా ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. బ్లెండర్ లాంటి పెద్ద త్రీడీ బొమ్మల ప్రోగ్రామ్‌లోనే వల్కాన్ చాలాకాలం ప్రయోగదశలో ఉండి, 2025 జులైలో వచ్చిన 4.5లో గానీ అధికారికం కాలేదు, అప్పటికీ డీఫాల్ట్ ఓపెన్‌జీఎల్లే.

మేమూ వాళ్ల దారిలోనే ముందు జీఎల్ కాల్స్ అన్నిటినీ ఏరి ఒక పొర వెనక్కి నెట్టాం, ఆ పొర కింద పాత బ్యాకెండ్ (అసలు గీసే భాగం) నడుస్తుండగానే పక్కన కొత్తది కట్టాం. విసుగు పుట్టించే పనే, కానీ అది లేకుండా నేరుగా వల్కాన్ రాయబోతే మునిగిపోతారు. ఎందుకంటే ఓపెన్‌జీఎల్‌లో ఎవరో ఎక్కడో బ్లెండింగ్ (రంగులు కలిపే పద్ధతి) ఆన్ చేసి వదిలేస్తే, దాని మీద ఆధారపడి ఇంకెవరో మరో ఫైల్లో బొమ్మ గీస్తుంటారు, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. వల్కాన్‌లో బ్లెండింగ్, షేడర్లు (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) అన్నీ ముందే పైప్‌లైన్ అనే ఒక కట్టగా కట్టి ఇవ్వాలి కాబట్టి ఇలాంటి దాగి ఉన్న లెక్కలన్నీ బయటపడతాయి. బొమ్మ తలకిందులుగా రావడం మాత్రం పెద్ద సమస్య కాదు. వల్కాన్‌లో వై అక్షం కిందికి ఉంటుంది, వ్యూపోర్ట్ (గీసే చోటు) ఎత్తుని మైనస్‌లో ఇస్తే సరిపోతుంది.

అసలు కష్టం గీతల దగ్గర వచ్చింది.

పరీక్షకని కొత్త బిల్డ్ ఇస్తే, మా వీధి చివర ఉండే ఒక అమీన్ గారు నక్షా తెరిచి చూసి, "ఏటి బాబూ, రాష్ట్రం గీతా మడి గీతా ఒక్కలాగే ఉన్నాయి, సరిహద్దు ఎటెళ్లిపోయింది?" అన్నారు. ఆయన అన్నది నిజమే. ఓపెన్‌జీఎల్‌లో గీత మందం ఒక్క కాల్‌తో మారేది, చుక్కగీతకి కూడా పాత పద్ధతిలో ఒక కాల్ ఉండేది. వల్కాన్‌లో మందపు గీత అనేది తప్పనిసరి కాదు, గ్రాఫిక్స్ కార్డు ఇస్తే ఇస్తుంది లేకపోతే లేదు, లేనిచోట మందం 1 దాటకూడదు. చుక్కగీతలకి ఎక్స్‌టెన్షన్ (అదనపు సదుపాయం) ఉంది గానీ అదీ అన్ని కార్డుల్లో ఉండదు. ఆటల్లో ఇవి పోతే ఎవరూ పట్టించుకోరేమో, నక్షాలో గీత మందమే సమాచారం. ఆంధ్రా ఒడిశా మధ్య కొఠియా గ్రామాల తగాదా ఇంకా తేలని ప్రాంతం ఇది, ఇక్కడ రాష్ట్ర సరిహద్దు గీత పొలం గట్టులా కనిపించడం చిన్న విషయం కాదు.

అందుకని ప్రతి గీతనీ రెండు త్రిభుజాలుగా మార్చి, మందం మేమే లెక్క కట్టి, చుక్కల్ని షేడర్‌లో కత్తిరించాం. అప్పుడు నాగావళి ఒడ్డు వెంట చుక్కగీతగా రావాల్సిన సరిహద్దు పూర్తి గీతగా వచ్చేసింది. ఏటి వంపుల్లో గీత వందల చిన్న ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్క దగ్గరా చుక్క లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది, ఖాళీ రాకముందే ముక్క అయిపోతోంది. గీత మొదటి నుంచి ఎంత దూరం వచ్చామో ప్రతి బిందువుకీ మోసుకెళ్తే సరిపోయింది. పాత ఓపెన్‌జీఎల్ ఈ లెక్క మాకు తెలియకుండానే చూసుకునేది.

రెండోది నాకు బాగా పట్టిన సమస్య, తెలుగు పేర్లలో వత్తులు పోవడం. పొట్టంగి అని ఉండాల్సిన చోట పొటంగి అని వస్తుంది, మౌస్ కాస్త కదిపితే వత్తు వచ్చేస్తుంది. ఒడియా పేర్లలోనూ అంతే. అక్షరాల బొమ్మలన్నీ ఒక టెక్స్చర్‌లో (కార్డు మెమరీలో ఉండే బొమ్మలో) దాచుకుంటాం, కొత్తది కావాల్సి వచ్చినప్పుడు అప్పటికప్పుడు చేరుస్తాం. ఇంగ్లిష్‌కి కొన్ని పదుల అక్షరాలు చేరితే పని అయిపోతుంది, మన లిపుల్లో గుణింతాలు, వత్తులు వందల్లో ఉంటాయి కాబట్టి మ్యాప్ జరిపిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా చేరుతూనే ఉంటుంది. కొత్త అక్షరం టెక్స్చర్‌లోకి కాపీ అయ్యేదాకా కార్డు దాన్ని చదవకుండా ఆపడం ఓపెన్‌జీఎల్‌లో డ్రైవర్ పని, వల్కాన్‌లో ఆ అడ్డు (బ్యారియర్) మనమే పెట్టాలి. ఒక చోట అది లేదు. పైగా డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఆటలాగా సెకనుకి అరవైసార్లు గీయదు, ఏదైనా మారితేనే గీస్తుంది, కాబట్టి ఆ తప్పు ఫ్రేమే స్క్రీన్ మీద నిలిచిపోతుంది. వల్కాన్ వాడకంలో తప్పులు పట్టే వాలిడేషన్ లేయర్లు కూడా ఏమీ అనలేదు, వాటిలో సింక్రనైజేషన్ (ఏ పని తర్వాత ఏది అనే) పరీక్షని విడిగా ఆన్ చేయాలి. చేసిన వెంటనే ఆ లైను చూపించేసింది. ఇంగ్లిష్ లేబుళ్లతో మాత్రమే టెస్ట్ చేసి ఉంటే ఇది ఇంకా ఎన్నాళ్లు దాక్కునేదో.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి, పాత బ్యాకెండ్‌ని తీసేయకండి. ఇక్కడి షాపుల్లో నాలుగో తరం ఇంటెల్ మెషీన్లు ఇంకా బోలెడు నడుస్తున్నాయి, వాటికి విండోస్‌లో ఇంటెల్ వల్కాన్ డ్రైవర్ ఇవ్వలేదు, ఆరో తరం నుంచే ఉంది. మీటింగుల్లో "అంత పాతవి ఎవరు వాడతారు" అనడం తేలిక, కానీ బతుకుతెరువు ఆ మెషీన్ మీదే ఉన్నవాళ్లకి కొత్తది కొనుక్కోమని చెప్పే హక్కు మనకి లేదు. లిబ్రేఆఫీస్ అనే ఆఫీసు ప్రోగ్రామ్ వాళ్లు చేసిన పద్ధతి నాకు నచ్చింది. 2020లో 7.0తో, వల్కాన్ మీద గీయగల స్కియా లైబ్రరీని తెచ్చినప్పుడు, వల్కాన్ సరిగ్గా నడవని కార్డులూ డ్రైవర్లకి ఒక జాబితా పెట్టుకుని, అక్కడ సీపీయూ మీదే గీసేలా చేశారు. మాదీ ఇప్పుడు మొదలవగానే కార్డుని చూసి, కుదరకపోతే చప్పుడు చేయకుండా ఓపెన్‌జీఎల్‌కి వెళ్లిపోతుంది. ప్రతి బిల్డ్‌కీ ఒకే నక్షాని రెండు బ్యాకెండ్ల మీదా గీయించి పక్కపక్కన పోల్చి చూస్తున్నాం.

పెద్ద సైజు ప్రింటింగ్ ఇంకా మిగిలింది. ఏ జీరో షీటు ఒక్క టెక్స్చర్‌లో పట్టక ముక్కలుగా గీసి అతికిస్తున్నాం, ముక్కకీ ముక్కకీ మధ్య చుక్కగీత లెక్క తప్పకుండా సాగాలి. వచ్చే వారం దాని మీదే కూర్చుంటాను.