నొక్కితేనే నొప్పి

చికున్‌గున్యాలో జ్వరం చిన్న సంగతి. నాకు వారం తిరక్కముందే తగ్గింది. కీళ్లు మాత్రం మరుసటి ఎండాకాలం దాటేదాకా వదలలేదు. మా నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో ఆశ్వయుజ, కార్తీకాల్లో వస్తాయి. మూలాపేట ఇళ్లలో ఆ నీళ్లు పూలకుండీల కింద, మేడల మీది పాత టైర్లలో నిలిచిపోతాయి. ఈ జబ్బును మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. రాత్రికి దోమతెర కట్టుకుని నిశ్చింతగా నిద్రపోయే మా ఇంటి జాగ్రత్త దానికి లెక్కే కాలేదు.

మా ఊళ్లో ఆసుపత్రులుండే పొగతోటలో చూపించుకున్నాను. డెంగీ కాదని తేలేవరకు పారాసిటమాల్ తప్ప మరో నొప్పి మాత్ర వేసుకోవద్దన్నారు డాక్టరుగారు. ఒకవేళ డెంగీ అయితే ఆ మాత్రలతో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందట. వారం దాటాక రక్తంలో ప్రతిరక్షకాల కోసం చేసిన ఐజీఎం పరీక్షలో చికున్‌గున్యా అని తేలింది. "నొప్పులు కొందరికి వారాల్లో పోతాయి, కొందరికి నెలలు పడుతుంది. వయసు పైబడినవారిలో కాస్త మొండిగా ఉంటాయి" అన్నారు. నాకు యాభై దాటాయి. ఆయన తలెత్తకుండా చీటీ రాస్తూ ఆ మాట అనడం మర్యాద కోసమేనని సర్దిచెప్పుకున్నాను.

తెల్లవారుజామున పిడికిలి ముడుచుకునేది కాదు. కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగేవాణ్ణి. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది. మడమలు, మణికట్లు ఒక్కొక్కటిగా దారికి వచ్చాయి గానీ, కుడి బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మాత్రం రాజీ పడలేదు. నా బతుకంతా ఆ కీలు మీదే నడుస్తోందని అప్పుడే తెలిసింది. పగలు హైస్కూల్లో లెక్కలు చెబుతాను, అంటే సుద్దముక్క. సాయంత్రం పిల్లలకు మాండలిన్ నేర్పుతాను, అంటే తీగలు మీటే పలుచటి బిళ్ల, పిక్కు. రెండింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యే పట్టుకోవాలి.

ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి ఈ విషయాన్ని నాకు నచ్చే భాషలో, అంకెల్లో చెప్పింది. "వేళ్ల కొసల దగ్గర మీరు ఒక కిలో బలంతో నొక్కితే, బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు పన్నెండు కిలోల భారం పడుతుంది సార్." వస్తువు సన్నగా ఉన్నకొద్దీ, జారుతున్నకొద్దీ మనం తెలియకుండానే గట్టిగా నొక్కుతామట. అందుకే ఇలాంటి రోగులకు చెంచాల కాడలు, పెన్నులు లావు చేసి ఇస్తారు. కరిగించిన మైనంలో చేతులు ముంచడం, బొటనవేలిని మిగతా వేళ్ల కొసలకు వరుసగా తాకించడం, మెత్తటి బంతిని పిసకడం మామూలుగా నడిచాయి. నా బుర్ర మాత్రం ఆ పన్నెండు దగ్గరే ఆగిపోయింది. పెన్ను లావు చేయవచ్చు, సుద్దముక్కకు హోల్డరు దొరుకుతుంది. మిల్లీమీటరు మందం కూడా లేని పిక్కును ఏం చేయాలి?

మాండలిన్‌కు ఎనిమిది ఉక్కు తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. ప్రతి మీటుకూ పిక్కు రెండు తీగల్ని దాటాలి, గిటారు కన్నా ఎక్కువ ఎదురుదెబ్బ తగులుతుంది. స్వరం సాగాలంటే పైకీ కిందికీ ఆపకుండా మీటుతూ ఉండాలి. నేను ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది 0.88 మిల్లీమీటర్ల సెల్యులాయిడ్ పిక్కు, గోధుమ రంగు మీద చారలున్నది. ఆ చారలకు ఒక కథ ఉంది. పూర్వం మంచి పిక్కులను హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు డొప్పతో చేసేవారు. 1970లలో దాని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించాక డొప్ప పోయింది, రంగు మిగిలింది. (మా నెల్లూరు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి వేరే జాతి, ఆలివ్ రిడ్లేలు.) నున్నటి సెల్యులాయిడ్ చెమట చేతిలో సబ్బులా జారుతుంది. మా ఊరి ఎండలో చెమట పట్టని చెయ్యి ఎక్కడుంది?

మెత్తటి పట్టు ఉన్న పిక్కులు దొరుకుతాయని చెన్నైలో ఉన్న మా అబ్బాయి రకానికొకటి తెప్పించి పంపాడు. మొదట ఆశపడింది రెండు వైపులా స్పాంజి అతికించిన దాని మీద. పట్టుకోగానే ప్రాణం లేచివచ్చింది. వాయించడం మొదలుపెట్టాక సంగతి తెలిసింది. స్పాంజి అణిగేదాకా వేళ్లు నొక్కుతూనే ఉంటాయి, అంటే అదనపు శ్రమ. పైగా పిక్కు కొస తీగల మధ్యకు ఎంత లోతు దిగిందో వేళ్లకు తెలియదు, లోతుగా దిగి తగులుకుంటుంది. "మాస్టారూ, మాండలిన్‌కు జలుబు చేసినట్లుందండీ" అన్నాడు నా శిష్యుడు. వాడి నోటికి అదుపు లేదు, చెవి మాత్రం మంచిది.

సిలికాన్ తొడుగు చలికాలం ఉదయాల్లో బాగానే ఉండేది. ఎండ ముదిరాక తొడుగు లోపలికి చెమట చేరి పిక్కు అందులోనే గిరగిర తిరిగింది. బొటనవేలికి ఉంగరంలా తొడిగే పిక్కు సంగతి వేరు. దాన్ని నొక్కాల్సిన పనే లేదు, నొప్పి పూర్తిగా పోయింది. కాని దాని కొస కిందికి కొట్టినంత సులువుగా పైకి రాదు. భజనలో తాళానికి సరిపోతుంది గానీ వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, నడవదు. దాన్ని నొప్పి ఎక్కువున్న రోజులకు దాచుకున్నాను.

నాకు పనికొచ్చినవి మెత్తనివి కావు, గరుకువి. మధ్యలో రంధ్రం ఉన్న పిక్కును పట్టుకుంటే రెండు వేళ్ల కండా ఆ రంధ్రంలోకి కొద్దిగా దిగి కుదురుకుంటుంది. చిన్న చిన్న బొడిపెలున్న నైలాన్ పిక్కు కూడా జారదు. జారదన్న నమ్మకం కలిగాక చెయ్యి దానంతట అదే పట్టు సడలించింది. నన్ను బాధపెట్టింది మీటడం కాదు, జారుతుందేమోనన్న భయంతో నొక్కడం. అమ్మేవాళ్లు మెత్తదనాన్ని పొగుడుతారు. కీళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోవాల్సింది, ఎంత తక్కువ నొక్కితే అది చేతిలో నిలుస్తుందనే.

ఆ లెక్కన నా పాత సెల్యులాయిడ్ పిక్కునే బాగు చేసుకున్నాను. పట్టుకునే భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా పాత సైకిల్ ట్యూబు ముక్కలు ఫెవిక్విక్‌తో అతికించాను. కొసకు సెంటీమీటరు దూరంలో రబ్బరు ఆగిపోవాలి, లేకపోతే మళ్లీ జలుబే. తీగలు కూడా ఒక మెట్టు సన్నవి వేశాను. వాద్యానికి తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ పెట్టించి చిన్న ఆంప్లిఫయర్‌కు కలిపాను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ ఎందుకు ఎంచుకున్నారో నాదైన అల్ప కారణంతో కొంత అర్థమైంది. ఆయనకు కావలసింది గమకాలు, నాకు కీలు. తేలిగ్గా మీటినా స్వరం నిలవడం ఇద్దరికీ లాభమే.

ధనుర్మాసం భజనల్లో మళ్లీ కూర్చున్నాను. మంచు పడే వేకువల్లో వేళ్లు ఇంకా బిగుసుకుంటాయి. వేడినీళ్లలో కాసేపు ముంచి బయలుదేరతాను. ట్యూబు రబ్బరు కొన్నాళ్లకు గట్టిపడుతుంది, అప్పుడు కొత్త ముక్క కత్తిరించుకోవడమే. గంట దాటితే బొటనవేలు గుర్తు చేస్తుంది. అప్పుడు వేగంగా వాయించాల్సినవన్నీ నా శిష్యుడికి వదిలేస్తున్నాను. వాడికి అందులో ఏ అభ్యంతరమూ లేదు.