అమ్మ గీత

మన బడి పాత విద్యార్థుల ఫంక్షన్ కమిటీ తరఫున, మనం రేడియో అని పిలిచేవాడు ఫోన్ చేసి, "ఫంక్షన్ సంచికకి నువ్వూ రాయాలి, రెండు పేజీలు, పదిహేనో తారీఖు లోపు" అన్నాడు. గొంతు ఏమాత్రం మారలేదు. అప్పట్లో బడి అసెంబ్లీలో వార్తలు చదివినట్టే చెప్పి పెట్టేశాడు. ఆ రోజు నుంచి రాత్రిపూట కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. వేపచెట్టు గురించి బొంగరం రాస్తున్నాడట. పంద్రాగస్టు నాటకం గురించి ఇప్పటికే ముగ్గురు రాశారట. ఇత్తడి గంట సంగతి రాయకపోయినా అందరికీ తెలుసు. నాకు రాయాలని ఉన్నది ఒక్కటే, లెక్కల మాస్టారి గ్రాఫు కాగితాల గురించి.

ఆరో క్లాసు నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా గుర్తు లేదు. రేకుల షెడ్డు, వానొస్తే పాఠం వినపడకపోవడం, ఆడపిల్లల బెంచీకి ఒక కాలు పొట్టి కావడం, అంతే. 1995 జూన్‌లో పదిలోకి వచ్చాక మాత్రం రోజుకి రోజు గుర్తుంది.

మొదటి రోజు మాస్టారు సంచిలోంచి గుప్పెడు పత్తి గింజలు తీసి టేబుల్ మీద పోశారు, గుర్తుందా? "బీజం అంటే ఏంటి?" అన్నారు. విత్తనం అని అందరం అరిచాం. "మరి బీజగణితం?" అన్నారు. ఎవరం నోరు మెదపలేదు. "ఇంకా మొలవనిదాని లెక్క. ఏమొస్తుందో తెలీదు, అయినా ఏం వెయ్యాలో ఇవాళే తేల్చుకోవాలి. మీ నాన్నలు ఏటా చేసే లెక్క ఇదే, కాకపోతే కాగితం మీద పెట్టరు" అన్నారు. పావులూరి మల్లన పేరు నేను మొదట విన్నది ఆయన నోటనే. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని, ఆ లెక్కల్లో వడ్డీలు, ధాన్యపు రాశులు, బంగారం కల్తీలు ఉంటాయని చెప్పి, "లెక్క ఎప్పుడూ ఇంట్లోంచే పుట్టింది. తర్వాతెప్పుడో పరీక్ష హాల్లోకి వెళ్లింది" అన్నారు.

లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే ఉన్న హద్దులు దాటకుండా ఎక్కువ లాభమో తక్కువ ఖర్చో ఎక్కడుందో గ్రాఫు మీద తేల్చే లెక్క, పుస్తకంలో ఎక్కడో వెనక ఉంది. ఆయన దాన్ని జూలైలోనే మొదలెట్టారు. సాగర్ కాలవకి నీళ్లు వదలకముందే, ఇంకా ఎవరూ మిరప నాటకముందే. విత్తనం పడ్డాక ఈ పాఠం చెప్తే ఎవరికి లాభం అనేవారు. పబ్లిక్ పరీక్షలో గ్రాఫు ప్రశ్న ఖాయమని మనమంతా దాన్ని బట్టీ పట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఆయన మాత్రం పుస్తకం మూయించి, "ప్రతి ఒక్కరూ ఇంట్లో ఈ నెలలో తేల్చుకోవాల్సిన విషయం ఒకటి పట్టుకురండి" అన్నారు.

ఏమేం తెచ్చామో గుర్తు తెచ్చుకోండి. సోడా బండి వాళ్లబ్బాయి గోలీ సోడా ఎన్ని, నిమ్మ సోడా ఎన్ని అని తెచ్చాడు. పాలకేంద్రం పిల్ల గేదెకి పత్తి చెక్క ఎంత, తవుడు ఎంత అని తెచ్చింది. (నా మిగతా జీవితమంతా ఆ అమ్మాయి లెక్కే చేస్తానని అప్పుడు నాకు తెలీదు.) బొంగరం వాళ్లక్క పెళ్లికి వంటవాళ్లని పెట్టుకోవాలా, ఊళ్లోవాళ్లే వండుకోవాలా అని తెచ్చాడు. పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్లంతా కలిసి బస్సు పాసా, సైకిలా అని ఒకటే తెచ్చారు. మాస్టారు దేన్నీ చిన్నది అనలేదు. ఒక్కోదానికి మూడు గళ్లు గీయమన్నారు. మొదటి గడిలో మన చేతిలో ఉన్నది. రెండో గడిలో దాటలేనిది. మూడో గడికి ఆయన పెట్టిన పేరు "కాదన్నవాళ్లు". లెక్క పూర్తయ్యాక ఇంట్లో చదివి వినిపించాలి. ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకురావాలి. ఆ గడి ఖాళీగా ఉంటే నోటుబుక్కు ముట్టుకునేవారు కాదు.

నాది మా ఐదెకరాలు. సొంతం రెండు, కౌలు మూడు. పత్తి ఎన్ని ఎకరాలు, మిరప ఎన్ని ఎకరాలు? నాన్నని అడిగి అంకెలు రాసుకున్నాను. ఎకరం పత్తికి పెట్టుబడి 6,000, మిగిలేది 5,000. ఎకరం మిరపకి పెట్టుబడి 15,000, మిగిలేది 11,000. చేతిలో ఉన్నదీ కమీషన్ కొట్లో అప్పు పుట్టేదీ కలిపి 48,000. పత్తి ఎకరాలు ఎక్స్, మిరప ఎకరాలు వై. రెండూ కలిపి 5 దాటకూడదు, ఒక గీత, భూమిది. డబ్బు 48,000 దాటకూడదు, రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట పత్తి 3, మిరప 2. మిగిలేది 37,000. ఐదెకరాలూ పత్తే వేస్తే 25,000. ఉన్న డబ్బంతా మిరపకే పెడితే 3.2 ఎకరాలొచ్చి 35,200. రెండూ కలిపి వేసిన మూలే గెలిచింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆ మూల చుట్టూ సున్నా చుట్టాను.

రాత్రి అన్నాలయ్యాక నాన్నకి చదివి వినిపించాను. నాన్న కాగితం దీపం దగ్గరికి పెట్టి చూసి, ఊ అన్నాడు. కాదనలేదు. ఔననీ అనలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో మిరపకాయలు ఏరుతోంది. తాలు ఒక పక్కకి, ఎర్రకాయ ఒక పక్కకి. తలెత్తకుండానే, "రెండెకరాల మిరప కోసేదెవరే?" అంది.

కూలోళ్లొస్తారు కదా అన్నాను. అమ్మ చేట పక్కన పెట్టి కుడిచేతి బొటనవేలు వేళ్ల కణుపుల మీద వేసింది. పేర్లు చెప్పడం మొదలెట్టింది. పెద్ద వీధిలో ముగ్గురు, చెరువు కట్ట మీద ఇద్దరు, మా పిన్ని, వాళ్ల తోటికోడలు, తను. ఎనిమిది కణుపుల దగ్గర వేలు ఆగింది. "పండగ నెల్లో ఊరంతా కోతలే. మన పేరున దొరికేది వీళ్లే. వాళ్లు కూడా నెలకి పది రోజులకి మించి మనకి రారు. మళ్లీ పత్తి తీయడం కూడా అప్పుడే కదా వచ్చేది" అంది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

మూడో గడిలో అదే రాశాను. అమ్మ, కోతకి మనుషులు లేరంది, అని. రాస్తున్నప్పుడు నాకు కాస్త కష్టంగానే ఉంది. 37,000 అంత చక్కగా వచ్చిన లెక్కని అమ్మ ఒక్క మాటతో పక్కన పెట్టేసింది మరి.

మర్నాడు మాస్టారు ఆ గడి చదివి నా నోటుబుక్కు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి నా రెండు గీతలూ వేశారు. "ఎనిమిది మంది, పది రోజులు. ఎంతమ్మా?" అన్నారు. 80 అన్నాను. ఆ నెలలో ఎకరం పత్తికి పది కూలి రోజులు, ఎకరం మిరపకి ముప్ఫై అని క్లాసులో మిరప ఇళ్ల వాళ్లంతా కలిసి తేల్చారు. ఆయన మూడో గీత గీశారు. అది డబ్బు గీతకి కిందుగా ఏటవాలుగా దిగి, నా ఎర్ర సున్నాని బయటికి నెట్టేసింది. కొత్త మూల పత్తి 3.5, మిరప 1.5 దగ్గర పడింది. మిగిలేది 34,000. పెట్టుబడి 43,500 చాలు. మూడువేలు తగ్గుతుంది, నాలుగున్నర వేల అప్పు కూడా తగ్గుతుంది. మాస్టారు ఆ గీత పక్కన సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో "అమ్మ గీత" అని రాశారు. "ఈ పిల్ల డబ్బు తక్కువనుకుంది. తక్కువున్నది డబ్బు కాదు, చేతులు. అది ఆ చేతులున్న మనిషికే తెలిసింది" అన్నారు. వెనక బెంచీలు కూడా ఆ రోజు అల్లరి చేయలేదు. ఏడాది పొడుగునా ఎవరి లెక్కలో ఏది మర్చిపోయినా, "అమ్మ గీత ఏదిరా?" అని మనమంతా అరవడం అక్కడ మొదలైంది.

అక్కడితో వదల్లేదు ఆయన. "మిరప మీద పదకొండు వేలు మిగులుతుందని నీకెవరు రాసిచ్చారు?" అన్నారు. చెక్క స్కేలు తీసుకుని (ఒకే లాభం వచ్చే చోట్లని కలిపే గీత అనుకోండి) ఆ మూల మీద ఆనించి, ఒక వేలితో అదిమి, రెండో చేత్తో మెల్లగా తిప్పారు. మిరప లాభం తగ్గేకొద్దీ స్కేలు నిటారుగా లేస్తోంది. పెరిగేకొద్దీ పడుకుంటోంది. ఎంత తిరిగినా ఆ మూల మీదే నిలబడి ఉంది. లాభం 5,000కి దిగినప్పుడు స్కేలు భూమి గీత మీద పడింది. 15,000కి ఎక్కినప్పుడు అమ్మ గీత మీద పడింది. "ఈ రెండిటి మధ్య యార్డులో రేటు ఎటు పోయినా నీ నిర్ణయం మారదు. ఇక రేటు గురించి రాత్రిళ్లు టెన్షన్ పడొద్దని మీ నాన్నకి చెప్పు" అన్నారు. నేను ఇన్నేళ్లలో చాలామంది దగ్గర చదువుకున్నాను, శిక్షణలకి వెళ్లాను. ఆ స్కేలు తిరిగిన రెండు నిమిషాల్లో నాకు అర్థమైనంత ఇంకెక్కడా అర్థం కాలేదు.

నాన్న మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున్నే అరక కట్టుకుంటూ, "ఎకరంన్నరే నాటుదాం" అన్నాడు. ఆ ఏడు గుంటూరు యార్డులో మా మిరప టిక్కీలకి (బస్తాలకి) అనుకున్న ధర రాలేదు. ఎకరానికి ఏడువేలే మిగిలింది. అయినా మా చేలో చెట్టు మీద పండి ఎండిన కాయ ఒక్కటి మిగల్లేదు, కోతకి మనుషులు సరిపోయారు. అప్పు తీరాక నాన్న నాకు సైకిల్ కొన్నాడు. బస్సు పాసా, సైకిలా అన్న లెక్క మీ అందరిదీ చూసే ఉన్నాను కాబట్టి నేను మళ్లీ వేయలేదు. ఆ సైకిల్ మీదే ఇంటర్ చదివాను. మా వీధిలో పది దాటిన మొదటి ఆడపిల్లని నేనే.

డిగ్రీ, పెళ్లి, పిల్లలు అన్నీ మీకు తెలిసినవే. 2003లో పశువుల దాణా ఫ్యాక్టరీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాను. ఇవాళ ఆ ప్లాంటు నా చేతిలో నడుస్తోంది. రోజూ పొద్దున నేను చేసే మొదటి పని ఆ పాలకేంద్రం పిల్ల లెక్కే. మొక్కజొన్న, తవుడు, పత్తి చెక్క, వేరుశనగ చెక్క, బెల్లపు మడ్డి, ఖనిజ లవణాలు. మాంసకృత్తులు 20 శాతానికి తగ్గకూడదు, బస్తా ఖర్చు వీలైనంత తగ్గాలి. మనం రెండు అక్షరాలతో చేశాం, ఇక్కడ ఇరవై దాకా ఉంటాయి. కంప్యూటర్ రెప్పపాటులో తేల్చేస్తుంది. 1947లో అమెరికాలో డాంట్జిగ్ అనే గణితవేత్త ఇలాంటి లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టినప్పుడు, మనిషికి తక్కువ ఖర్చులో సరిపడా తిండి ఏదన్న లెక్కనే మొదట పరీక్షకి పెట్టారు. 77 రకాల ఆహారాలు, 9 పోషకాలు. గుమాస్తాలు చేతి యంత్రాలతో కూర్చుంటే అందరిదీ కలిపి 120 పనిదినాలు పట్టిందట. అది చదివిన రోజు మన రేకుల షెడ్డులో చెక్క స్కేలు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

ఒక వానాకాలం కంప్యూటర్ చాలా చవకైన మిశ్రమం ఇచ్చింది. మడ్డి ఎక్కువ, చెక్క తక్కువ. హెడ్డాఫీసుకి పంపబోతూ, అలవాటు ప్రకారం కిందికి దిగి మిషన్ దగ్గర పనిచేసే పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన కాగితం చూడలేదు. నిన్నటి బస్తాలోంచి గుప్పెడు పెల్లెట్లు (దాణా గుళికలు) తీసి నా అరచేతిలో పోసి, "వేలితో నొక్కండమ్మా" అన్నారు. మెత్తగా అణిగిపోయాయి. "ఈ తేమలో ఇంకా మడ్డి పోస్తే రైతు ఇంటికి చేరేసరికి గడ్డ కడుతుంది. గేదె మూతి పెట్టదు" అన్నారు. పైకెళ్లి వానాకాలానికి మడ్డి మీద ఒక హద్దు పెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి హద్దుకీ ఒక పేరు పెట్టాలి. నేను పెట్టిన పేరు మీరు ఊహించగలరు. మా కుర్రాళ్లకి దాని కథ తెలీదు కానీ, ఏ కొత్త ఫార్ములా వచ్చినా "మేడమ్, అమ్మ గీత చూశారా?" అని వాళ్లే అడుగుతారు.

మాస్టారు ఫంక్షన్‌కి వస్తున్నారని రేడియో చెప్పాడు. ఆ గ్రాఫు కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఎర్ర సున్నా వెలిసి గులాబీ రంగుకి వచ్చింది, మడతల దగ్గర చిరిగింది, ల్యామినేషన్ చేయించాను. తెస్తాను. మీలో ఎవరి దగ్గరైనా ఆ ఏటి నోటుబుక్కు ఉంటే, ముఖ్యంగా మూడో గడి ఉన్న పేజీలుంటే, తీసుకురండి. ఒక టేబుల్ మీద పరుద్దాం.

కమిటీకి ఒక విన్నపం. అమ్మ కూడా వస్తానంది. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. చేతులెత్తి ఆయనకి ఒక్కసారి దండం పెట్టాలంటోంది, ఆయనేమో నేనే ఆవిడకి పెట్టాలి అన్నారట. ముందు వరసలో మాస్టారి పక్కన ఒక కుర్చీ వేసి ఉంచండి.